వైను రుచి పాఠాలు: వైద్యులు వ్రాసిన తొలి అధ్యాయం

విదేశాలలో స్థిరపడిన మన పిల్లలలో కొందరు ఈ మధ్య ఒక కొత్త చదువులో చేరుతున్నారు. లండన్‌లోనో, కాలిఫోర్నియాలోనో వారానికి ఒక సాయంత్రం తరగతికి వెళ్ళి, వరుసగా పేర్చిన గాజు పాత్రలలోని వైనును చూచి, వాసన పీల్చి, రుచి చూచి, తమకు తోచినది కాగితం మీద వ్రాస్తారు. ఏ భోజనానికి ఏ వైను నప్పుతుందో నేర్చుకుంటారు. ముంబాయి, బెంగళూరు, హైదరాబాదు నగరాలలోనూ ఇటువంటి తరగతులు నడుస్తున్నాయి. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు తండ్రి వేసుకునే మధుమేహం మాత్రలను, తల్లి వేసుకునే రక్తపోటు మాత్రలను చూచి, "రోజూ ఒక చిన్న గ్లాసు రెడ్ వైను గుండెకు మంచిదట" అని సలహా చెప్పే పిల్లలూ ఉన్నారు. ఆ మాట నిజమేనా అని పాఠకులు నన్ను పలుమార్లు అడిగారు.

ఈ ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానం చెప్పవచ్చును. కాని చరిత్ర తెలియకుండా ఆ ఒక్క మాట చెబితే అది మనసున నిలవదు. ఆ సలహాలో రెండు వేర్వేరు విషయాలు కలగలసి ఉన్నాయి. మొదటిది రుచిని శ్రద్ధగా పరీక్షించే విద్య. రెండవది వైను ఒక ఔషధమనే విశ్వాసం. ఈ రెండింటికీ పునాది వేసినవారిలో మా వైద్యవృత్తివారే ముఖ్యులు. మొదటిది కాలపరీక్షకు నిలిచి నేటి తరగతి గదికి చేరింది. రెండవది ఎట్లా పుట్టి, ఎట్లా బలపడి, ఎట్లా కూలిందో ఈ వ్యాసంలో వివరిస్తాను.

చక్రవర్తి నేలమాళిగలో గేలెన్

క్రీస్తు శకం రెండవ శతాబ్దిలో రోమ్ నగరంలో గేలెన్ అనే గ్రీకు వైద్యుడు ఉండేవాడు. ఆయన జన్మస్థలం నేటి టర్కీలోని పెర్గమం. యౌవనంలో అక్కడి ఖడ్గయోధులకు వైద్యుడుగా పనిచేసి, వారి గాయాలకు వైనులో తడిపిన గుడ్డలతో కట్లు కట్టాడు. సూక్ష్మజీవుల సంగతి నాడు ఎవరికీ తెలియదు. అయినా ఆ కట్టు వల్ల గాయం కుళ్ళడం తగ్గుతుందని అనుభవం చెప్పింది.

తరువాత గేలెన్ మార్కస్ ఆరీలియస్ చక్రవర్తికి వైద్యుడయ్యాడు. ఆ చక్రవర్తి విషహరంగా, బలవర్ధకంగా 'థెరియాక్' అనే లేహ్యాన్ని సేవించేవాడు. పాము మాంసం, నల్లమందు మొదలుకొని అనేక ద్రవ్యాలు కలిపి చేసే ఆ మందుకు మేలైన వైను కావాలి. నాడు రోమన్లు అన్నింటికంటె ఎక్కువగా మెచ్చుకున్న వైను ఫలెర్నియన్. దానిని ఎంచుకొనడానికి గేలెన్ రాజప్రాసాదపు నేలమాళిగలోకి దిగి, జాడీల మీది గుర్తులను బట్టి ఏ ఏటి సరకో తెలుసుకొని, ఇరవై ఏళ్ళు దాటినవాటిని ఒక్కొక్కటిగా రుచి చూచాడు. చేదు లేశమైనా లేకుండా, తీపి చెడకుండా ఉన్నది దొరికే వరకూ వెదికినట్లు ఔషధాలను గురించిన తన గ్రంథంలో స్వయంగా వ్రాసుకున్నాడు.

పాఠకులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. గేలెన్ చేసినది పానం కాదు, పరీక్ష. సంవత్సరం తెలుసుకొనడం, వరుసగా పోల్చి చూడడం, ఒక నిర్దిష్టమైన లోపం కోసం వెదకడం, ఫలితాన్ని వ్రాసి ఉంచడం ఆయన పద్ధతి. నేటి రుచి తరగతిలో ఉపాధ్యాయుడు చెప్పే మొదటి పాఠం కూడా ఇదే. కాకపోతే గేలెన్ దృష్టిలో ఈ పరీక్షకు ప్రయోజనం ఔషధ తయారీ. కాబట్టి రుచి, వైద్యం అనే రెండు పాయలూ అప్పటికి ఒకే ప్రవాహం.

వర్తకుల మాయ, విల్లనోవా ఉపాయం

అటుపైన వెయ్యేళ్ళు గడిచిన తరువాత, పదమూడవ శతాబ్ది చివర, దక్షిణ ఫ్రాన్సులోని మోంపెలియే వైద్య విద్యాలయంలో ఆర్నాల్డ్ ఆఫ్ విల్లనోవా బోధించేవాడు. రాజులకూ, పోపులకూ చికిత్స చేసిన వైద్యుడాయన. 'లిబెర్ దె వినిస్', అనగా వైనుల గ్రంథం, ఆయన పేరిట ప్రచారంలో ఉన్నది. అందులో అధిక భాగం మూలికలు కలిపిన వైనులతో చేసే చికిత్సలే. కాని మధ్యలో ఒక చిన్న భాగం వైను కొనేవారికి చెప్పిన హెచ్చరిక.

కొందరు వర్తకులు చేదెక్కిన, పులిసిన వైనును అమ్మదలచినప్పుడు, కొనవచ్చినవానికి ముందుగా అతిమధురమో, గింజపప్పులో, బాగా ఉప్పుగా ఉన్న పాత జున్నో తినిపిస్తారట. అది తిన్న నోటికి చెడిన వైను కూడా తియ్యగా తోస్తుంది. ఈ మాయలో పడకుండా ఉండాలంటే ఉదయాన నోరు పుక్కిలించి, నీటిలో తడిపిన రొట్టె మూడు నాలుగు ముక్కలు తిని, ఆ తరువాత రుచి చూడాలని గ్రంథకర్త సలహా. పరగడుపున గాని, నిండు కడుపుతో గాని రుచి చూస్తే నోరు తప్పు చెబుతుందని కూడా హెచ్చరించాడు.

ఏ ఆహారంతో ఏ వైను జత కుదురుతుందని నేడు శుల్కం చెల్లించి నేర్చుకునే విద్యకు మూలసూత్రం ఇక్కడే ఉన్నది. అది విందు మర్యాదగా కాక, కొనుగోలుదారును మోసం నుంచి కాపాడే ఉపాయంగా గ్రంథానికెక్కడం విశేషం. ఇంగ్లీషు వైను వర్తకులలో "ఆపిల్‌తో కొను, జున్నుతో అమ్ము" అనే అర్థం వచ్చే నానుడి నేటికీ వాడుకలో ఉన్నది. ఆపిల్ తిన్న నోటికి వైనులోని లోపాలు బయటపడతాయి. జున్ను తిన్న నోటికి అవి కనపడవు.

దీనికి కారణం మనకు కొత్త కాదు. ఉసిరికాయ కొరికి మంచినీళ్ళు త్రాగితే ఆ నీళ్ళు తియ్యగా ఉంటాయని పల్లెలో పిల్లలందరికీ తెలుసు. మిఠాయి తిన్న వెంటనే కాఫీ త్రాగితే అందులో చక్కెర వేయలేదేమో అనిపిస్తుంది. జామకాయకు ఉప్పు అద్దితే వగరు తగ్గుతుంది. నాలుక ఏ రుచినీ విడిగా కొలవదు; అంతకుముందు తగిలినదానితో పోల్చి చెబుతుంది. ఉప్పు చేదును అణచివేస్తుందని ఆధునిక ప్రయోగాలు కూడా నిరూపించాయి. విల్లనోవా చెప్పిన పాత జున్నులో పనిచేసినది ముఖ్యంగా ఆ ఉప్పే.

ద్రాక్షతోటలున్న ఆసుపత్రి

ఇక రెండవ పాయ సంగతి చూద్దాం. వైనును వైద్యులు మందుగా వాడిన కాలం చాలా దీర్ఘమైనది. ఫ్రాన్సులోని బర్గండీ ప్రాంతంలో బోన్ అనే చిన్న పట్టణం ఉన్నది. 1443లో ఆ రాజ్యపు మంత్రి నికొలా రొలాఁ, ఆయన భార్య గిగోన్ ద సలాఁ అక్కడ పేదల కోసం ఒక ఆసుపత్రి కట్టించారు. నూరేళ్ళ యుద్ధంతో చితికిపోయిన ప్రజలకు అది ఆశ్రయమైనది. దాతలు డబ్బుతో పాటు ద్రాక్షతోటలు కూడా దానమిచ్చారు. 1859 నుంచి ఆ తోటల వైనును ఏటా వేలం వేస్తున్నారు. నేటికీ నవంబరు మూడవ ఆదివారం జరిగే ఆ వేలం సొమ్ము వైద్యసేవలకే వెళుతుంది. ఒక ఆసుపత్రి వైను మీద బ్రతకడం అక్కడివారికి వింతగా తోచలేదు.

మన ఆయుర్వేదంలోనూ ద్రాక్షారిష్టం వంటి పులియబెట్టిన మందులు ఉన్నాయి. అయితే చరకసంహిత చికిత్సాస్థానంలో మదాత్యయం పేరిట, అనగా మద్యం వల్ల కలిగే వ్యాధికి, ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నదని మరువరాదు. మేలు చెప్పిన వైద్యులే కీడునూ చెప్పారు.

వైను ఆరోగ్యకరమనే మాటకు ఆధునిక కాలంలో గొప్ప బలం చేకూర్చినవాడు లూయీ పాశ్చర్. వైను నిలవ ఉంచితే ఎందుకు చెడిపోతున్నదో కనుగొనమని మూడవ నెపోలియన్ చక్రవర్తి 1863లో ఆయనను కోరాడు. చెడిపోవడానికి సూక్ష్మజీవులే కారణమనీ, వైనును మరిగించకుండా 50, 60 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య వేడి చేస్తే అవి నశిస్తాయనీ పాశ్చర్ చూపించాడు. 1866లో ఆ పరిశోధనను గ్రంథంగా ప్రచురించాడు. మన పాల పొట్లం మీద కనిపించే 'పాశ్చరైజ్డ్' అన్న మాట ఇట్లా వైను నుంచి పాలకు వచ్చినది. ఆ గ్రంథంలోనే ఆయన వైనును పానీయాలన్నింటిలో ఆరోగ్యకరమైనదని ప్రశంసించాడు. వైను అమ్మకందారులు ఆ మాటను నాటి నుంచి నేటి వరకు వాడుకుంటూనే ఉన్నారు.

ఆ ప్రశంసను దాని కాలంలో ఉంచి చదవాలి. నాటి ఐరోపా నగరాలలో త్రాగునీటిలో మురుగు కలిసేది. కలరా, టైఫాయిడ్ వేలాదిమందిని బలిగొనేవి. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్ బోరింగు నీటి వల్ల కలరా వ్యాపించినదని వైద్యుడు జాన్ స్నో నిరూపించిన ఉదంతం వైద్య విద్యార్థులందరూ చదువుతారు. ఆ బోరింగు దగ్గరలోనే ఉన్న బీరు తయారీ కర్మాగారంలోని కూలీలు ఆ నీరు త్రాగకుండా, తమకు ఉచితంగా ఇచ్చే బీరే త్రాగేవారు కనుక కలరా నుంచి తప్పించుకున్నారని కూడా స్నో గమనించాడు. అటువంటి నీటితో పోలిస్తే వైను ఆరోగ్యకరమనడంలో తప్పు లేదు. శుభ్రమైన నీరు ఇంటింటికీ కుళాయిలో వచ్చిన నాటితో ఆ పోలికకు కాలం చెల్లినది. మాట మాత్రం మిగిలిపోయింది.

ఆ మాటకు ఫ్రాన్సు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. 1950లలో ఆ దేశంలో తలకు ఏటా వంద లీటర్లకు పైగా వైను త్రాగేవారు. బడి భోజనంతో పిల్లలకు నీళ్ళు కలిపిన వైను ఇచ్చే అలవాటు కూడా ఉండేది. పధ్నాలుగేళ్ళ లోపు పిల్లలకు బడిలో మద్యం ఇవ్వరాదని ప్రభుత్వం నిషేధించినది 1956లో. కాలేయం గట్టిపడి మరణించేవారి సంఖ్యలో ఫ్రాన్సు ఆనాడు ప్రపంచంలో ముందువరుసలో ఉండేది. నేడు అక్కడ వైను వాడకం నాటితో పోలిస్తే సగానికంటె తక్కువ. కాలేయ మరణాలూ దానితోపాటే బాగా తగ్గాయి.

నేలమాళిగ నుంచి తరగతి గదికి

రుచి పాయ మరొక దారిన నడిచింది. శతాబ్దాలపాటు ఈ విద్య వర్తకుల ఇళ్ళలో తండ్రి నుంచి కొడుకుకు, యజమాని నుంచి గుమాస్తాకు అందింది. దానిని అందరికీ ఒకే కొలతతో పరీక్షించే చదువుగా మార్చినవారు లండన్ వర్తకులు. 1363లో రాజశాసనం పొందిన వింట్నర్స్ కంపెనీ, వైను వర్తకుల సంఘంతో కలిసి 1953లో 'మాస్టర్ ఆఫ్ వైన్' పరీక్ష నిర్వహించింది. ఇరవై ఒక్కమంది కూర్చుంటే ఆరుగురు ఉత్తీర్ణులయ్యారు. స్త్రీలలో తొలిసారి సారా మార్ఫ్యూ 1970లో ఆ పట్టా పొందారు. మన దేశం నుంచి తొలి మాస్టర్ సోనల్ హాలండ్ అనే మహిళ, అది 2016లో. సామాన్యులు చేరదగిన మెట్లవారీ తరగతుల కోసం 'వైన్ అండ్ స్పిరిట్ ఎడ్యుకేషన్ ట్రస్ట్' 1969లో లండన్‌లో ఏర్పడింది. మన పిల్లలు చేరే తరగతులలో అనేకం దాని పాఠ్యక్రమం ప్రకారమే నడుస్తాయి.

విశ్వవిద్యాలయాలు కూడా దీనికి తోడ్పడ్డాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో మేనార్డ్ అమెరైన్, ఆయన సహచరులు వైనుకు 20 మార్కుల పట్టిక రూపొందించారు. అక్కడే ఆన్ నోబుల్ అనే శాస్త్రవేత్త 1984లో వాసనల చక్రాన్ని ప్రచురించారు. 'బాగున్నది', 'గంభీరంగా ఉన్నది' వంటి మాటలు అందులో ఉండవు. నిమ్మ, మిరియం, లవంగం, తడిమట్టి వంటి అందరికీ తెలిసిన వాసనల పేర్లే ఉంటాయి. ఇద్దరు వ్యక్తులు ఒకే మాటతో ఒకే వాసనను సూచించాలన్నది ఆమె ఆశయం. రోగి "ఒళ్ళు బాగోలేదు" అన్నప్పుడు ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎటువంటి నొప్పి అని వైద్యుడు అడుగుతాడు గదా! ఇదీ అటువంటి క్రమశిక్షణే.

తరగతిలో విద్యార్థి ముందుగా రంగు చూస్తాడు. తరువాత పాత్రను త్రిప్పి వాసన పీలుస్తాడు. ఒక చిన్న గుక్క నోటిలోనికి తీసుకొని, గాలిని లోపలికి పీల్చి, నోరంతా త్రిప్పుతాడు. ఆ గాలి గొంతు వెనుకనుంచి ముక్కులోనికి చేరుతుంది. నాలుక గుర్తించే మూలరుచులు తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి అనే ఐదే. తక్కినదంతా ముక్కు పని. ముక్కులో సుమారు 400 రకాల వాసన గ్రాహకాలు ఉన్నాయి. వాటి జన్యువులను కనుగొన్న లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ బహుమతి లభించింది. కోవిడ్ వచ్చినప్పుడు "రుచి పోయింది" అన్నవారిలో పలువురికి నిజానికి పోయినది వాసన. కావాలంటే ముక్కు గట్టిగా మూసుకొని మామిడిపండు ముక్క తిని చూడండి. తీపి, పులుపు తెలుస్తాయి గాని, అది మామిడిపండని చెప్పడం కష్టం.

ఈ విద్య అహంకారానికి చోటివ్వదు. 2001లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, బోర్డో విశ్వవిద్యాలయంలో వైను శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులకు వాసనలేని ఎర్రరంగు కలిపిన తెల్లవైను ఇచ్చారు. వారు దానిని ఎర్రవైనుకు వాడే మాటలతోనే వర్ణించారు. కన్ను చెప్పినదానికి ముక్కు తలవంచినది. అందుకే పరీక్షలలో సీసా పేరు దాచి ఉంచుతారు. కొత్త మందును పరీక్షించేటప్పుడు రోగికీ, వైద్యుడికీ కూడా ఏది మందో, ఏది ఉత్త మాత్రో తెలియనివ్వకపోవడానికి కూడా కారణం ఇదే.

భోజనంతో జత

భోజనంలో ఒక్కొక్క వంటకానికి ఒక్కొక్క వైను అనే మర్యాద మనం అనుకునేంత పాతది కాదు. పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలం వరకు ఫ్రెంచి విందులలో అనేక వంటకాలను ఒకేసారి బల్లపై పేర్చేవారు. ఒకదాని తరువాత ఒకటి వడ్డించే రష్యా పద్ధతి ఆ శతాబ్దిలో క్రమంగా వ్యాపించింది. వంటకాలు వరుస కట్టిన తరువాతనే వైనులు కూడా వరుస కట్టగలిగాయి.

జత కుదర్చడంలో తరగతులు చెప్పే సూత్రాలకు శరీరధర్మశాస్త్రం కొంతవరకు కారణం చెబుతుంది. మన షడ్రుచులలో వగరు ఒకటి. జామపిందె, వక్క, పచ్చి అరటికాయ తిన్నప్పుడు నోరు బిగుసుకుపోయేది దానివల్లనే. ఎర్రవైనులోని టానిన్లు చేసేది సరిగ్గా ఆ పనే. అవి లాలాజలంలోని మాంసకృత్తులకు అంటుకొని నోటిలోని జారుడుతనాన్ని తగ్గిస్తాయి. మాంసంలోని మాంసకృత్తులు, కొవ్వు ఆ వగరును మెత్తబరుస్తాయి. మాంసానికి ఎర్రవైను అనే మాటకు ఇదీ ఆధారం. వగరు, కారం రుచులు కావనీ, స్పర్శకూ నొప్పికీ చెందిన అనుభూతులనీ నేటి శాస్త్రం అంటుంది. అయినా తరగతిలో ఇతరులకు టానిన్ అంటే ఏమిటో టీ డికాక్షన్ ఉదాహరణతో వివరించవలసి వస్తే, తెలుగువారికి వగరు అన్న ఒక్క మాట చాలు.

చేపలతో ఎర్రవైను పనికిరాదన్న పాత సూత్రానికి 2009లో జపాను పరిశోధకులు కారణం కనుగొన్నారు. వారు అరవైకి పైగా వైనులను ఎండు సముద్రపు ఆల్చిప్ప మాంసంతో కలిపి రుచి చూపించారు. వైనులో ఇనుము ఎక్కువైన కొద్దీ నోటిలో నీచు వాసన పెరిగింది. ఇనుమును బంధించే పదార్థం కలిపితే అది తగ్గింది. ఎర్రవైనులలో ఇనుము ఎక్కువగా ఉండే అవకాశం ఉన్నది కనుక ఆ సూత్రం పుట్టింది. ఇనుము తక్కువగా ఉన్న ఎర్రవైను చేపలతో అంతగా చెడదు.

మన భోజనం సంగతి ఇంకా ఆసక్తికరం. ద్రాక్షలోని ముఖ్యమైన పులుపు టార్టారిక్ ఆమ్లం. మన చింతపండులోనిదీ అదే. చింతపండు పులుసు తిన్న నోటికి వైనులోని పులుపు తెలియక అది చప్పగా తోస్తుంది. ఇక మిరపకారం మాట. మిరపలోని కాప్సైసిన్, నోటిలో వేడిని గుర్తించే గ్రాహకాన్నే రెచ్చగొడుతుంది. మామూలుగా 42 డిగ్రీల దగ్గర స్పందించే ఆ గ్రాహకాన్ని ఆల్కహాలు 34 డిగ్రీలకే స్పందించేటట్లు చేస్తుందని 2002లో తేలింది. మన దేహపు వేడి 37 డిగ్రీలు. అందుచేత గుంటూరు కారం మీద వైను త్రాగితే మంట ఆరదు సరికదా, రాజుకుంటుంది. ఆ మంటను ఆర్పగలిగినది పాలలోని కేసీన్ అనే మాంసకృత్తి. ఆవకాయ అన్నం తరువాత పెరుగన్నం తినే మన భోజనక్రమం ఏ తరగతికీ వెళ్ళకుండానే సరైన జతను కనుగొన్నది.

'ఫ్రెంచివారి వింత', దాని పతనం

వైను ఔషధమనే విశ్వాసం ఇరవయ్యవ శతాబ్ది చివర మరల ప్రాణం పోసుకున్నది. 1991 నవంబరు 17న అమెరికాలోని సిబిఎస్ టెలివిజన్ '60 మినిట్స్' కార్యక్రమంలో 'ఫ్రెంచ్ పారడాక్స్' గురించి ప్రసారం చేసింది. ఫ్రెంచివారు వెన్న, జున్ను ధారాళంగా తింటారు. అయినా వారికి గుండెజబ్బు మరణాలు తక్కువ. దానికి ఎర్రవైను కారణం కావచ్చునని ఫ్రెంచి శాస్త్రవేత్త సెర్జ్ రెనో అందులో చెప్పారు. మరుసటి ఏడాది ఆయన వ్యాసం 'లాన్సెట్' వైద్యపత్రికలో వెలువడింది. అమెరికాలో ఎర్రవైను అమ్మకాలు ఒక్కసారిగా పెరిగాయి. మన ఇళ్ళలో నేడు వినిపించే సలహాకు వంశవృక్షం గీస్తే అది ఆ ప్రసారం దగ్గరకు చేరుతుంది.

కొంచెం త్రాగేవారు అసలు త్రాగనివారికంటె ఎక్కువకాలం జీవిస్తున్నట్లు గణాంకాలు చూపిన మాట నిజమే. కాని అసలు త్రాగనివారు ఎవరు? బ్రిటిష్ పరిశోధకుడు జెరాల్డ్ షేపర్ 1988లోనే ఈ ప్రశ్న వేశారు. ఆ జాబితాలో, జబ్బుపడి మానేసినవారు చాలామంది ఉన్నారు. వారి ఆయుష్షు తగ్గడానికి కారణం మానివేయడం కాదు, మానివేతకు దారితీసిన జబ్బు. పైగా మితంగా వైను త్రాగేవారు సాధారణంగా ధనికులు, చదువుకున్నవారు, కూరగాయలు తిని నడక సాగించేవారు. ఆ మేలు అంతా వైను ఖాతాలో పడింది.

ఈ చిక్కుముడిని విప్పడానికి పరిశోధకులు జన్యువుల సాయం తీసుకున్నారు. తూర్పు ఆసియా ప్రజలలో చాలామందికి ఆల్కహాలును విరిచే ఎంజైము సరిగా పనిచేయదు. త్రాగితే ముఖం ఎర్రబడి, వికారం కలుగుతుంది కనుక వారు పుట్టుకతోనే తక్కువ త్రాగేవారవుతారు. ఇది ధనిక, పేద భేదంతో నిమిత్తం లేని విభజన. చైనాలో సుమారు 5 లక్షలమందిని పదేళ్ళు పరిశీలించి, వారిలో 1,60,000 మందికి పైగా జన్యుపరీక్ష చేసిన అధ్యయనం 2019లో లాన్సెట్‌లో వెలువడింది. మితపానం పక్షవాతం నుంచి కాపాడుతుందన్న మాట అందులో నిలవలేదు. త్రాగుడు పెరిగిన కొద్దీ రక్తపోటు, పక్షవాతం పెరుగుతూ పోయాయి.

ఎర్రవైనులోని రెస్వెరాట్రాల్ అనే పదార్థం మీద కూడా ఎంతో ప్రచారం జరిగింది. ఎలుకలకు మేలు చేసిన మోతాదు మనిషికి వైను ద్వారా అందాలంటే రోజుకు వందల లీటర్లు త్రాగవలసి ఉంటుంది. పైగా ఆ పదార్థం మీద పేరుపొందిన కనెక్టికట్ విశ్వవిద్యాలయపు ప్రయోగశాల ఒకదానిలో ఫలితాలు కల్పితమని 2012లో ఆ విశ్వవిద్యాలయమే ప్రకటించింది.

కేన్సరు సంగతి ఇంకా స్పష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధనా విభాగం 1988లోనే మద్యపానీయాలను మొదటి తరగతి కేన్సరు కారకాలలో చేర్చింది. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయం, పెద్దప్రేగు, స్త్రీల రొమ్ము కేన్సరులు దానితో ముడిపడి ఉన్నాయి. హాని లేని మోతాదు ఏదీ లేదని ఆ సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. వైనులోని ఆల్కహాలు, సారాలోని ఆల్కహాలు ఒకటే. కాలేయానికి సీసా మీది పేరు చదవడం రాదు.

తమ్మపడిగ చెప్పే పాఠం

రుచి తరగతిలో ప్రతి విద్యార్థి ప్రక్కన ఒక పాత్ర ఉంటుంది. పూర్వం మన జమీందారుల లోగిళ్ళలో తాంబూలం ఉమ్మడానికి ఉంచిన తమ్మపడిగ వంటిదది. రుచి చూచిన వైనును అందులో ఉమ్మివేస్తారు. వృత్తిలో ఉన్నవారు తప్పనిసరిగా అట్లాగే చేస్తారు. లేకపోతే పదవ వైను దగ్గర బుద్ధి పనిచేయదు. రుచి తెలియడానికి మ్రింగనవసరం లేదన్నది ఈ వృత్తిలో అందరూ అంగీకరించిన విషయం.

ఒక లెక్క చూడండి. 12 శాతం ఆల్కహాలున్న వైను 150 మిల్లీలీటర్ల గ్లాసులో సుమారు 14 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. తరగతిలో పోసేది సాధారణంగా 50 మిల్లీలీటర్లు. అందులో 5 గ్రాములకు కొంచెం తక్కువ. పది వైనులు పూర్తిగా మ్రింగితే సుమారు 47 గ్రాములు, అనగా మూడు గ్లాసులకు పైనే. ఉమ్మివేసినా కొద్దిగా లోపలికి వెళుతుంది కనుక తరగతి నుంచి వాహనం నడుపుకొని రాకూడదు.

మీ పిల్లలు ఈ చదువు చదువుతుంటే నిందించవలసిన పని లేదు. పరిశీలన, పోలిక, సరైన మాటతో వర్ణన అనేవి ఏ విద్యకైనా ఆభరణాలే. కాని ఉమ్మివేసే అలవాటును కూడా నేర్చుకోమని చెప్పండి. త్రాగని అలవాటున్న మీరు గుండె కోసమని కొత్తగా మొదలుపెట్టవద్దు. మధుమేహానికి గ్లైమిపిరైడ్ వంటి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడేవారికి మద్యం వల్ల చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మెట్‌ఫార్మిన్, వార్ఫరిన్, నిద్రమాత్రలు వాడేవారు, కాలేయ వ్యాధి, కాలేయంలో కొవ్వు ఉన్నవారు, గర్భవతులు, ఒకప్పుడు త్రాగి మానినవారు దానికి పూర్తిగా దూరంగా ఉండాలి. ఇప్పటికే అలవాటుగా రోజూ ఎక్కువ త్రాగేవారు మాత్రం ఒక్కసారిగా మానక, వైద్యుని పర్యవేక్షణలో మానాలి. హఠాత్తుగా మానితే మూర్ఛలు, మతిభ్రమణం రావచ్చు.

ఆ విద్యలోని మంచిని మీరు మన భోజనానికే అన్వయించుకొనవచ్చును. ఒకే పప్పును చింతపండుతో ఒక రోజు, మామిడికాయతో ఒక రోజు, గోంగూరతో ఒక రోజు వండినప్పుడు పులుపులో భేదమేమిటో నిదానంగా గమనించండి. పుల్లని మజ్జిగకూ, తియ్యని మజ్జిగకూ ఏ కూర నప్పుతుందో చూడండి. నెమ్మదిగా, వాసన పీలుస్తూ, నమిలి తినేవారికి తక్కువ ఆహారంతోనే తృప్తి కలుగుతుంది. ఉప్పు, నూనెల మీద యావ కూడా తగ్గుతుంది. "గుండెకు మంచిదట" అని మరల ఎవరైనా సలహా ఇస్తే, వైనుకు బదులు సాయంత్రం అరగంట నడకకు తోడు రమ్మని అడగండి. దాని మేలు గురించి వైద్యులలో భేదాభిప్రాయం లేదు.